చదివిపెట్టే యంత్రం – నోరు విప్పని మన నోట్సు

మార్కులు తక్కువ వచ్చినవాణ్ణి "మొద్దు" అనెయ్యడం చాలా తేలిక. కాని అడిగితే నోటితో చక్కగా జవాబు చెప్పి, పుస్తకం తెరిస్తే మాత్రం అక్షరాలు కలగాపులగమై పంక్తి ముందుకు సాగనివారు మనలో ఉన్నారు. దీన్ని డిస్లెక్సియా అంటారు. 2007లో "తారే జమీన్ పర్" సినిమా చూసి కళ్ళు తుడుచుకున్నాం. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఇటువంటి ఇబ్బందిని కూడా వైకల్యంగా గుర్తించిందని ఎందరికి తెలుసు?

ఇలాంటివారికి పాఠం చదివి వినిపించే కంప్యూటర్ సాధనాలు నేడు ఉచితంగానే దొరుకుతున్నాయి. ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే అంధ యువకుడు 2006లో మొదలుపెట్టిన ఎన్.వి.డి.ఎ. చూపులేనివారి కోసం పుట్టింది. దానితోపాటు వచ్చే ఈస్పీక్ తెలుగు కూడా పలుకుతుంది. మరమనిషి గొంతే అనుకోండి, అలవాటైతే అర్థమవుతుంది! బాలబోల్కా అనే మరొకటి తాను చదువుతున్న మాటకు రంగువేసి చూపుతుంది. డిస్లెక్సియా ఉన్నవారికి కావలసింది ఇదే: చెవి వింటూంటే కన్ను వెంట నడవాలి. ఇంటర్నెట్ ఉంటే మైక్రోసాఫ్ట్ ఎడ్జ్‌లో శ్రుతి, మోహన్ అనే తెలుగు గొంతులు ఇంకా ఇంపుగా చదువుతాయి.

"వింటే అది చదువెలా అవుతుందండీ?" అంటారు కొందరు పెద్దలు. మన తాతముత్తాతల్లో భారతం చదివినవారెందరు? పురాణ కాలక్షేపంలోనూ, హరికథలోనూ విన్నారు గదా!

అసలు చిక్కు యంత్రంలో లేదు, మన టైపింగులో ఉంది. నర్సీపట్నమనే కాదు, తెలుగునాట డి.టి.పి. పని ఏళ్ళ తరబడి అను ఫాంటులతో నడిచింది. ఇంకా చాలాచోట్ల నడుస్తోంది. తెరమీద కనబడేది తెలుగే, లోపల దాగేది మాత్రం ఇంగ్లీషు అక్షరాల కోడు. మనకు "అమ్మ" అని కనబడేది యంత్రానికి అర్థంలేని గుర్తుల వరుస. పాపం, అదేం చదువుతుంది? నమ్మకం లేకపోతే అలాంటి ఫైలులోంచి ఒక పంక్తి కాపీచేసి నోట్‌ప్యాడ్‌లో వేసి చూడండి.

1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే తెలుగుకు చోటు దక్కింది. 2001 నాటి విండోస్ ఎక్స్.పి.లో గౌతమి ఫాంటూ వచ్చింది. "పేజ్‌మేకర్‌లో యూనికోడ్ తెలుగు కుదరదండీ, అక్షరం అందం కూడా చెడుతుంది" అంటారు షాపువారు. వారి మాట అబద్ధమేమీ కాదు. పెళ్ళి శుభలేఖకైతే అందం కావాలి, సెమిస్టర్ నోట్సుకెందుకు? ఇక జెరాక్సు కాపీని స్కాన్ చేసి పంపితే అది వట్టి బొమ్మ. ముందు దాన్ని అక్షరాలుగా మార్చుకోవాలి.

కాపీరైటు భయమూ అక్కర్లేదు. 2012 సవరణ ప్రకారం వికలాంగుల కోసం లాభాపేక్ష లేకుండా పుస్తకాన్ని వారికి అందే రూపంలోకి మార్చుకోవచ్చు.

కనుక యూనియన్‌వారు లైబ్రరీలో ఒక కంప్యూటరు, రెండు హెడ్‌ఫోనులు అడగాలి. లెక్చరర్లు ఇకమీదట నోట్సు యూనికోడ్‌లోనే ఇవ్వాలి. పాతవి మార్చడానికి కన్వర్టర్లున్నాయి. అయితే ఒత్తులు అక్కడక్కడ తారుమారవుతాయి, ఎవరో ఒకరు కూర్చుని సరిచూడాలి. ఆ పనికి తెలుగు బి.ఏ. వాళ్ళు నలుగురు ముందుకొస్తే ఒక్క వేసవి సెలవులు చాలు.