గొడ్రాలు అనే ముందు మగాడికి పరీక్ష చేయించండి

పెళ్లయి మూడేళ్లయినా కడుపు పండకపోతే మన ఊళ్లలో ఇప్పటికీ కోడలినే గుళ్ల చుట్టూ తిప్పుతున్నారు. స్కానింగులు ఆమెకే, మందులు ఆమెకే. చివరికి గొడ్రాలని పుట్టింటికి పంపి కొడుక్కి రెండో పెళ్లి చేస్తారు. ఆ కొడుకును మాత్రం ఒక్క వీర్య పరీక్షకు పంపరు. పిల్లలు లేని జంటల్లో దాదాపు సగం చోట్ల లోపం మగవాడిలోనో, ఇద్దరిలోనో ఉంటుంది. పరీక్షకు కోత లేదు, సూది లేదు. అడ్డొచ్చేది మీసమే.

లోపం ఉంటే మగతనం లేనట్టు కాదు. సుమారు 600 మంది మగవాళ్లలో ఒకరికి పుట్టుకతోనే ఒక ఎక్స్ క్రోమోజోమ్ ఎక్కువ ఉంటుంది. కొందరికి వై క్రోమోజోమ్‌లో చిన్న ముక్క లోపిస్తుంది. కాపురం మామూలుగానే సాగుతుంది, వీర్యంలో కణాలే ఉండవు, ఉన్నా నామమాత్రం. ఇందులో ఎవరి తప్పూ లేదు.

తప్పు ఉన్న చోటు వేరే ఉంది. నులిపురుగులను చంపడానికి నేలలో వేసే డీబీసీపీ అనే మందు ఎలుకల వృషణాలను కుదించేస్తోందని తయారీదారులైన డౌ, షెల్ కంపెనీలకు తమ పరీక్షల్లోనే తెలిసింది. 1961లో అది అచ్చయింది కూడా. అమ్మకం ఆగలేదు. 1977లో కాలిఫోర్నియాలోని లాత్రప్ ఫ్యాక్టరీ కార్మికులు తమలో చాలామందికి పిల్లలు కలగడం లేదని మాటల్లో గమనించారు. యూనియన్ ద్వారా పరీక్షలు జరిగాకే నిజం బయటపడింది. అమెరికాలో ఆంక్షలు వచ్చాక కూడా కోస్టారికా అరటి తోటల్లో ఆ మందు వాడారు. వేలమంది కూలీలు సంతానయోగ్యత పోగొట్టుకున్నారు. మన దేశం నిషేధించింది 1989లో!

వీర్యకణం తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది. మూలకణాలు మిగిలితే మందుకు దూరమయ్యాక మళ్లీ పుట్టుకొస్తాయి. అవే చస్తే విత్తనం లేని మడే.

ఇప్పుడు కొట్టే మందులన్నీ డీబీసీపీ లాంటివని మేము అనడం లేదు. కానీ రెండు మూడు మందులు ఒకే ట్యాంకులో కలిపి, మూతికి తువ్వాలు చుట్టుకుని కొట్టే కూలీ ఒంట్లో ఏం జరుగుతోందో ఎవరు చూస్తున్నారు? ప్రతి ఏరియా ఆసుపత్రిలో వీర్య పరీక్ష ఉచితంగా, గోప్యంగా చేయాలి. మందు కొట్టే కూలీలకు ఏటా ఆరోగ్య పరీక్షలు జరపాలి. సంతానంపై ప్రభావం గురించి కంపెనీలు చేసిన పరీక్షల ఫలితాలను తెలుగులో బయటపెట్టాలి. మన సభ్యుల ఇళ్లలో కోడలికి స్కానింగ్ రాయించే రోజునే కొడుకు కూడా పరీక్షకు వెళ్లాలి.