పెరటి పుంజు, పందెం ధర

బుక్కరాయసముద్రం వంటి కరువు సీమలో పెరటికి కోళ్ళను ఎంచుకునేటప్పుడు మనం ఈకల సొగసుకే మురిసిపోరాదు. హైదరాబాదులో రూపొందిన వనరాజా గుడ్లు బాగా పెడుతుంది. పొదిగే గుణం తక్కువ. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన ఝాబువా కడక్‌నాథ్‌దీ అదే లోపం. అసీల్ గుడ్లు కొద్దిగానే పెట్టినా తానే పొదిగి, పిల్లలను కాచుకుంటుంది. ఏటా పిల్లలను కొనే ఖర్చు తప్పుతుంది. మేలుజాతి అని అర్థమిచ్చే అరబీ మాటే దాని పేరు.

అయితే సంక్రాంతి ముందు ఆ పుంజుకే పందెగాళ్ళు పెద్ద ధర ఇవ్వజూపుతారు. జంతువులను ఒకదానిపై ఒకటి ఉసిగొల్పడాన్ని దైవప్రవక్త (స) వారించినట్లు అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఉంది. కత్తి కట్టేది మనం కాదన్న సాకు చెల్లదు. ఎందుకు కొంటున్నాడో తెలిసి అమ్మినవారికీ అందులో భాగముంది. పెట్టలను నిలుపుకుందాం, మిగులు పుంజులను మన వంటింటికో, పొరుగింటి విందుకో ఇద్దాం.