కత్తి మీద కేసు సరే, జమీన్ మీద ఎప్పుడు?

నేను రెండు భాషల్లో బతుకుతాను. ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలుగు, డెస్కు మీద రెండూ. ఒకే సంఘటన ఈ రెండు భాషల్లోకి పోయేసరికి రెండు వేర్వేరు సంఘటనలుగా ఎలా మారిపోతుందో రోజూ చూస్తుంటాను. అన్నిటికంటే బాగా చూసిన రోజు 2011 ఏప్రిల్ 30.

ఆ రోజు బార్కస్ దగ్గర చాంద్రాయణగుట్ట ఎమ్మెల్యే అక్బరుద్దీన్ ఒవైసీ మీద తుపాకీతో, కత్తులతో దాడి జరిగింది. ఆయన చావు దాకా పోయి వచ్చారు. ఆయన గన్‌మన్ జరిపిన కాల్పుల్లో దాడి చేసినవాళ్ళలో ఒకడు చచ్చిపోయాడు. కొట్టినవాళ్ళు ముసల్మానులే, దెబ్బలు తిన్నాయన ముసల్మానే. చచ్చినవాడికి చదివిందీ, బతికినాయన కోసం చేసిందీ ఒకే ఖుదా దగ్గర దువా.

ఉర్దూ డెస్కు మీద అది మిల్లత్ మీద హమ్లా అయింది. ఫోన్లో నాతో మాట్లాడిన తెలుగు దోస్తులకు అది 'మీ పాతబస్తీ గొడవ' అయింది. నేను రాసిన వార్తలో ఒక వాక్యం ఉండింది: ఈ కక్ష వెనక జమీన్ తగాదా ఉందని బస్తీ మాట్లాడుకుంటోంది అని. పైవాడు చదివి, "ఇది ఇప్పుడెందుకు మియా, కౌమ్ బద్‌నామ్ అవుతుంది" అన్నాడు. ఆ వాక్యాన్ని కొట్టేసింది ఆయన కాదు. నా కలంతో నేనే కొట్టేశాను. ఈ వ్యాసం ఆ కొట్టేసిన వాక్యానికి కఫ్ఫారా అనుకోండి.

ముకద్దమా ఆరేళ్ళు నడిచింది. 2017 జూన్ 29న నాంపల్లి కోర్టు నలుగురికి హత్యాయత్నం కింద పదేళ్ళ కఠిన శిక్ష వేసింది. పోలీసులు ప్రధాన నిందితుడని చెప్పిన మనిషితో సహా పది మందిని నిర్దోషులని వదిలేసింది. ఆ రోజు బస్తీలో రెండు రకాల మాటలు విన్నాను. శిక్ష చాలలేదని కొందరు, శిక్షే అన్యాయమని ఇంకొందరు. నాకు ఇద్దరితోనూ పేచీ ఉంది.

సాక్ష్యం నిలవని చోట మనిషిని వదిలేయడమే ఇన్సాఫ్. ఈ సూత్రం మనకు కావలసినంతగా ఇంకెవరికీ అవసరం లేదు. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. బాంబుకు తొమ్మిది మంది, ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో ఐదుగురు పోయారు. పట్టుకెళ్ళి చిత్రహింసలు పెట్టింది మన పిల్లల్నే. తర్వాత వాళ్ళు నిర్దోషులుగా బయటపడ్డారు. 2018 ఏప్రిల్ 16న అసలు కేసులోని నిందితులు ఐదుగురినీ కోర్టు వదిలేసింది. అంటే బాంబు తనంతట తనే పేలిందన్నమాట! 2015 ఏప్రిల్ 7న వరంగల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకు తెస్తున్న ఐదుగురు విచారణ ఖైదీలు ఆలేరు దగ్గర పోలీసు వ్యాన్‌లోనే తూటాలకు బలయ్యారు. వాళ్ళ కేసుకు తీర్పే లేకుండా పోయింది. ఇంత చూసినవాళ్ళం, మనకు ఇష్టం లేని మనిషి నిర్దోషిగా బయటికొస్తే కోర్టును తిట్టకూడదు. ఇష్టమైన మనిషికి శిక్ష పడితే సాక్ష్యాన్ని తిట్టకూడదు.

తీర్పుతో నాకు తగువు లేదు. తీర్పు ముందుకు రాని విషయంతోనే నా తగువు.

ఆ దాడిని ఏ పార్టీ అయినా చేయించిందని కోర్టు అనలేదు, నేనూ అనను. కానీ ఆ నియోజకవర్గం చరిత్ర తెలియకుండా ఆ కత్తి చరిత్ర తెలియదు. బాబ్రీ మసీదు కూలిన తర్వాత మజ్లిస్‌లో చీలిక వచ్చింది. సలావుద్దీన్ ఒవైసీ నాయకత్వం మిల్లత్‌కు సరిపోయేలా నిలబడలేదని చాంద్రాయణగుట్ట ఎమ్మెల్యే అమానుల్లా ఖాన్ 1993లో మజ్లిస్ బచావో తహరీక్ పెట్టారు. 1994 ఎన్నికల్లో తహరీక్‌కు చాంద్రాయణగుట్ట, యాకుత్‌పురా రెండు సీట్లు వచ్చాయి. మజ్లిస్‌కు చార్మినార్ ఒక్కటే మిగిలింది. 1999లో అదే చాంద్రాయణగుట్టలో అమానుల్లా ఖాన్‌ను అక్బరుద్దీన్ ఓడించారు. ఆ పోరు ఇప్పటికీ చల్లారలేదు. 2023లో యాకుత్‌పురాలో తహరీక్ అభ్యర్థి మజ్లిస్ చేతిలో ఓడింది 878 ఓట్ల తేడాతో.

ఓట్ల పోరు మంచిదే. నాకు సంతోషమే. ముసల్మానులందరూ ఒకే మందగా ఓటేస్తారని అనుకునేవాళ్ళకు అది చెంపపెట్టు. కానీ ఆ ఓట్ల పోరు గల్లీల్లో దిగేటప్పుడు ఏమవుతోంది? పోలింగ్ రోజు రాళ్ళవుతోంది, కర్రలవుతోంది. 2016 ఫిబ్రవరి 2న బల్దియా ఎన్నికల రోజు మీర్‌చౌక్ దగ్గర కాంగ్రెస్ నాయకుడు షబ్బీర్ అలీ ఉన్న కారు మీద దాడి జరిగింది. ఆ కేసులో అసదుద్దీన్ ఒవైసీ అరెస్టయి బెయిల్ మీద వచ్చారు. అక్కడా ఇటు ముసల్మానే, అటు ముసల్మానే. నాయకుడికి బెయిల్ దొరుకుతుంది. వెంట నడిచిన పోరడికి కేసు నెంబర్ మిగులుతుంది.

ఇక జమీన్ సంగతి. చాంద్రాయణగుట్ట చౌరస్తా నుంచి బార్కస్, పహాడీ షరీఫ్, మామిడిపల్లి మీదుగా పోతే శంషాబాద్ విమానాశ్రయం. నిజాం ఫౌజులో పనిచేయడానికి హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల బ్యారక్‌లే జనం నోట బార్కస్ అయ్యాయి. నా చిన్నతనంలో బార్కస్ అంటే జామపళ్ళు, లుంగీలు, హరీస్. గజం ఎంతని అడిగినవాడు లేడు. 2005లో శంషాబాద్‌లో శంకుస్థాపన జరిగింది, 2008 మార్చిలో విమానాలు లేచాయి. అయిదున్నర వేల ఎకరాల దాకా భూమి పోయింది. ఆ దారి పొడుగునా చెరువు శిఖం, బంజరు, కబ్రస్తాన్, వక్ఫ్ అన్నీ ఒక్కసారిగా ప్లాట్లయ్యాయి. గుంట జాగా కోసం అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేశారు. ఆ దారి మీద జరిగిన కత్తిపోట్లను దారి ధర చూడకుండా ఎలా అర్థం చేసుకుంటారు? ఒక స్థలం తగాదా, పాత పగ అని పోలీసులే చెప్పారు. చెప్పి ఊరుకున్నారు. ఆ తగాదా ఎందుకు పుట్టింది, ఆ జాగా ఎవరిది, దాన్ని ఎవరు కట్టనిచ్చారు, ఎవరు కూల్చమన్నారు? హత్యాయత్నం కేసులో జడ్జిగారు ఇవి తేల్చలేరు. కత్తి ఎవరి చేతిలో ఉందో తేల్చడమే ఆయన పని. మిగతావి తేల్చాల్సింది ప్రజలు, పత్రికలు, అసెంబ్లీ. ముగ్గురమూ నోరు మూసుకున్నాం.

అసలు పెద్ద కబ్జా సంగతి చూడండి. విమానాశ్రయానికీ, దాని చుట్టుపక్కల ప్రాజెక్టులకూ పోయిన భూముల్లో మామిడిపల్లిలో పహాడీ షరీఫ్ బాబా షర్ఫుద్దీన్ దర్గా వక్ఫ్ భూమి వెయ్యి ఎకరాల పైచిలుకు ఉందని వక్ఫ్ బోర్డు ఏళ్ళ తరబడి వాదిస్తోంది. మణికొండలో హుస్సేన్ షా వలీ దర్గా భూమి 1,654 ఎకరాలు ప్రభుత్వానిదేనని 2022 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు తేల్చేసింది. వేల ఎకరాలు పోతుంటే ఎవరూ ఎవరినీ పొడవలేదు. వంద గజాల దగ్గర మాత్రం మనం మనల్ని పొడుచుకున్నాం. పెద్ద దొంగ ఫైలు పట్టుకొని వస్తాడు, అతనికి సలాం కొడతాం. చిన్న దొంగ మన గల్లీవాడు, అతని మీద కత్తి దూస్తాం. దీన్ని నేను బహదురీ అనలేను.

2022 ఆగస్టు 2 తెల్లవారుజామున శంషాబాద్‌లో మస్జిద్-ఎ-ఖ్వాజా మహమూద్‌ను మున్సిపాలిటీ వాళ్ళు కూల్చేశారు. అప్పుడు నిరసనలు జరిగాయి. జరగాలి కూడా. కానీ మసీదు కూలితేనే మనకు జమీన్ గుర్తుకొస్తుందా? మసీదు కింద భూమి ఉన్నట్టే, మన బతుకు కిందా భూమి ఉంది.

ఇప్పుడు సెక్యులర్ మిత్రులతో ఒక మాట. మీరు ఈ వ్యాసం ఇక్కడిదాకా చదివి లోపల సంతోషపడుతుంటే, ఆగండి. 1988 డిసెంబర్ 26న విజయవాడలో వంగవీటి రంగాను చంపారు. 2005 జనవరి 24న అనంతపురంలో పరిటాల రవిని చంపారు. వాటిని మీరు 'ఫ్యాక్షన్' అన్నారు, 'రాజకీయ హత్య' అన్నారు, సినిమాలు తీశారు, తొడలు కొట్టించారు. ఎవరినైనా నీ మతం ఇలా ఎందుకు నేర్పిందని అడిగారా? అదే కత్తి బార్కస్‌లో దూస్తే మాత్రం అది మా నెత్తుటి గుణం అవుతుంది. కడపలో బాంబుకు చరిత్ర ఉంటుంది, భూమి ఉంటుంది, కాంట్రాక్టు ఉంటుంది. మా కత్తికి ఖురాన్ ఒక్కటే ఉంటుందా? మాకూ భూస్వాములున్నారు, రియల్ ఎస్టేటున్నది, మాకూ మోసపోయిన పేదలున్నారు. మమ్మల్ని కూడా మనుషుల్లాగే తప్పు పట్టండి, అదే మేము కోరే బరాబరీ.

ఇక మావాళ్ళతో. "ఇంటి గుట్టు బయట పెడతావా?" అంటారని తెలుసు. ఈ మాటతోనే నలభై ఏళ్ళుగా మన నోళ్ళు కుట్టేశారు. బయట దుష్మన్ ఉన్నాడు నిజమే. ఆ భయం అబద్ధం కాదు, ఆలేరు అబద్ధం కాదు. కానీ ఆ భయాన్ని చూపించి లోపలి లెక్క అడగనివ్వని వాళ్ళు మన రఖ్వాలీ చేస్తున్నారా, తమ కుర్చీకి చేసుకుంటున్నారా? నాయకుడి మీద కత్తి దూయడం దుర్మార్గం. నాయకుడిని ప్రశ్న అడగనివ్వకపోవడం ఆ దుర్మార్గానికి తోడబుట్టింది. ప్రశ్నకు తావు లేని చోటే కత్తికి తావు దొరుకుతుంది.

నేను అడిగేవి పెద్దవి కావు. చాంద్రాయణగుట్ట నుంచి శంషాబాద్ దాకా ఉన్న చెరువుల, వక్ఫ్ జాగాల, కబ్రస్తాన్ల లెక్క సర్వే నంబర్లతో తెలుగులోనూ ఉర్దూలోనూ ప్రతి మసీదు గోడ మీదా అంటించాలి. మజ్లిస్, తహరీక్, కాంగ్రెస్ ఎవరైనా సరే, ఓటు అడగడానికి వచ్చేవాడు ఆ గోడ ముందు నిలబడి జవాబు చెప్పాలి. గొడవల్లో కేసులైన కుర్రాళ్ళకు వకీలును పార్టీ పెట్టకూడదు, బస్తీ పెట్టాలి. పార్టీ వకీలు పార్టీని కాపాడతాడు.

ఆ నలుగురికి పడ్డ పదేళ్ళ శిక్ష ఏదో ఒక రోజు తీరిపోతుంది. బార్కస్ దారిలో గజం ధర మాత్రం తగ్గేది లేదు. ఆ ధర అలాగే ఉండి, లెక్క అలాగే చీకట్లో ఉంటే, ఇంకో కత్తి ఎవరి ఇంట్లోనో ఇప్పుడే సాన పడుతూ ఉంటుంది. అప్పుడు కూడా ఏదో డెస్కు మీద ఒక కుర్రాడు 'జమీన్ తగాదా' అని రాస్తాడు. పైవాడు "ఇప్పుడెందుకు మియా" అంటాడు.

ఆ కుర్రాడికి చెబుతున్నా. కొట్టేయకు బేటా. నేను కొట్టేశాను, పద్నాలుగేళ్ళుగా ఆ గీత నన్ను కోస్తూనే ఉంది.