మాహిష్మతి జెండా, మా పడిగె

‘బాహుబలి’ మొదటి భాగం 2015లో, రెండోది 2017లో వచ్చాయి. లేని రాజ్యాన్ని కట్టి లోకమంతా నమ్మేలా చూపించింది ఫిలింనగర్. ఆ మాహిష్మతికి రాజముద్ర ఉంది, జెండా ఉంది, సంస్కృతంలో కీర్తిగీతం ఉంది. సింహాసనం ఉంది, దానికి తరతరాలుగా కట్టుబడ్డ బానిస కట్టప్పా ఉన్నాడు. హాళ్లలో జనం ‘జై మాహిష్మతి’ అన్నారు.

మేము అడిగేది ఒక్కటే. ఆ రాజ్యం మీదికి వచ్చిన కాలకేయులకు ఏమిచ్చారు?

ఒంటికి నలుపు పూశారు. జుట్టు చింపిరి చేశారు. ఆడవాళ్లను చెరపట్టే బుద్ధి ఇచ్చారు. మహాభారతంలోని అసురుల పేరు పెట్టారు. వాళ్ల వేల్పు ఎవరో, వాళ్ల ముసలమ్మలు ఏ పాట పాడతారో ఎవరికీ అక్కరలేకపోయింది.

భాష ఇచ్చాం కదా అంటారు. నిజమే. మదన్ కార్కి వాళ్లకోసం సుమారు 750 మాటలతో, 40 వ్యాకరణ సూత్రాలతో ‘కిలికి’ని తయారు చేశారు. ఆ శ్రమకు మేము వంక పెట్టం. కానీ హాల్లో ఆ భాష భయపెట్టడానికీ నవ్వించడానికే పనికొచ్చింది. మన బడుల్లో కోయ, గోండి మాట్లాడే పిల్లల మీద పడేదీ అదే నవ్వు. బాహుబలి ఆట ఆడితే కాలకేయుడి వేషం ఎవరికి అంటగడతారో మాకు తెలుసు. 2011 జనాభా లెక్కల్లో గోండి మాట్లాడేవాళ్లు దాదాపు 30 లక్షలు. ఆదిలాబాద్ జిల్లా గుంజాల రాతప్రతుల్లోని లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో గోండికి నేటికీ చోటు లేదు.

‘కల్పనే కదా, ఎందుకింత కోపం?’ అంటారు జూబ్లీహిల్స్ పెద్దలు. అయ్యా, కల్పన కాబట్టే అడుగుతున్నాం. ఏదైనా ఊహించే స్వేచ్ఛ ఉన్నప్పుడు కూడా రాజుకు గౌరవమే ఊహించారు, గూడేనికి కిరాతకమే ఊహించారు. అది చరిత్ర నేర్పింది కాదు, అలవాటు నేర్పింది.

మాకు జెండాలు లేకనా? కోయల్లో ప్రతి గట్టుకూ తన పడిగె ఉంది. మూడు కోణాల ఆ గుడ్డ మీద పూర్వీకులు ఉంటారు, జంతువులు ఉంటాయి. దాన్ని చూపుతూ డోలీలు వంశకథ పాడతారు. మేడారంలో సమ్మక్క రూపం కుంకుమ భరిణె. కప్పం అడిగిన కాకతీయుల సేనతో ఆ తల్లి పోరాడిందని మా కథ. అదే కాకతీయుల తోరణం తెలంగాణ రాజముద్రకెక్కింది. 2024లో దాన్ని తీసేస్తారన్నప్పుడు ఎంత గొడవ జరిగిందో అందరూ చూశారు. అంటే గుర్తుల విలువ అందరికీ తెలుసు. మా గుర్తుల దగ్గరికి వచ్చేసరికే అవి జాతర బొమ్మలవుతాయి.

సినిమాలు ఆపమని మేము అనడం లేదు. మళ్లీ రాజ్యం కట్టేటప్పుడు కోట అవతలి మనుషులకూ ఒక పేరు, ఒక వేల్పు, ఒక పాట ఇవ్వండి. ఎలా ఇవ్వాలో తెలియకపోతే గూడేలకు వచ్చి అడగండి. ఈలోగా మన పిల్లలకు మాహిష్మతి రాజముద్ర కంటే ముందు మన గట్టు పడిగెను గుర్తుపట్టడం నేర్పుదాం.