మిషన్ చెప్పిందే వేదమా?

మన సాఫ్ట్‌వేర్ జనాలకి ఒక బలహీనత ఉంది. తెర మీద అంకె కనిపిస్తే చాలు, నమ్మేస్తాం. అందులోనూ దశాంశం తర్వాత ఇంకో అంకె ఉంటే ఇక తిరుగే లేదు. 17 అంటే ఎవరో ఉజ్జాయింపుగా చెప్పినట్టు, 17.4 అంటే సైన్సు చెప్పినట్టు! ఆ చివరి 4 ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగేవాడే ఉండడు.

అడగాల్సిన చోటు ఒకటుంది. నంద్యాల చుట్టుపక్కల, కేసీ కాలువ కింద, వరి కోతలప్పుడు కల్లాల దగ్గర. వడ్లు కొనేవాడు గుప్పెడు గింజలు తీసి చేతిలో పట్టేంత మిషన్‌లో పోస్తాడు. బటన్ నొక్కితే తేమ శాతం వచ్చేస్తుంది. ప్రభుత్వ మద్దతు ధరకి తేమ 17 శాతం దాటకూడదు. దాటితే తరుగు తీస్తారు, లేదా ఆరబెట్టుకు రమ్మంటారు. కొనుగోలు కేంద్రంలో ఒక అంకె, మిల్లు దగ్గర ఇంకో అంకె అని కృష్ణా, గోదావరి జిల్లాల రైతులు మొత్తుకోవడం పేపర్లలో చూస్తూనే ఉన్నాం. నంద్యాల వైపు సోనా రకాలకి ప్రైవేటు వ్యాపారులే ఎక్కువ కాబట్టి చాలాసార్లు ఆ రెండో మిషన్ కూడా ఉండదు. కొనేవాడి మిషనే ఫైనల్.

ఒక్క శాతం తేడాకి ఇంత గొడవెందుకు అంటారా? లెక్క చూద్దాం. 18 శాతం తేమున్న 100 కిలోల వడ్లలో పొడి సరుకు 82 కిలోలు. దాన్నే 17 శాతం తేమకి మారిస్తే 98.8 కిలోలు. అంటే ఒక్క శాతానికి క్వింటాలుకి 1.2 కిలోలు, 75 కిలోల బస్తాకి దాదాపు 900 గ్రాములు. ఎకరాకి 40 బస్తాలనుకుంటే 36 కిలోలు. 2025-26 ఏ గ్రేడు మద్దతు ధర క్వింటాలుకి 2,389 రూపాయలు. ఎకరాకి సుమారు 860 రూపాయలు! అదీ మిషన్ ఒక్క శాతం ఎక్కువ చూపిస్తేనే.

మరి చూపిస్తుందా? ఆ మిషన్ నిజానికి తేమని కొలవదు. చాలావాటిలో కొలిచేది కెపాసిటెన్స్. నీటి డైఎలక్ట్రిక్ విలువ 80 దాకా ఉంటుంది, పొడి గింజది చాలా తక్కువ. రెండూ కలిసినప్పుడు వచ్చిన సిగ్నల్‌ని లోపలున్న టేబుల్‌తో పోల్చి శాతంగా మార్చి చూపిస్తుంది. ఆ టేబుల్ ఏ రకం వడ్లకి తయారు చేశారు? గింజ ఎంత వేడిగా ఉంది? వదులుగా పోశారా, కుదించి పోశారా? వీటన్నిటితో అంకె మారిపోతుంది. అసలైన కొలత వేరే ఉంది. గింజని పొడిచేసి, తూచి, 130 డిగ్రీల ఓవెన్‌లో సుమారు రెండు గంటలు పెట్టి మళ్లీ తూచడం. తగ్గిన బరువే తేమ. కల్లం దగ్గర అది కుదరదు కాబట్టి మిషన్ వాడతాం. తప్పేం లేదు. కానీ ఆ మిషన్‌ని ఓవెన్‌తో చివరిసారి ఎప్పుడు పోల్చారు అన్నదే ప్రశ్న.

కాలిబ్రేషన్ అంటే ఇదే. మిషన్‌ని బాగుచేయడం కాదు. జవాబు ముందే తెలిసిన శాంపిల్ పెట్టి, మిషన్ ఎంత తేడా చెబుతోందో రాసిపెట్టుకోవడం. మన భాషలో చెప్పాలంటే ఎక్స్‌పెక్టెడ్ వాల్యూ ఉన్న టెస్ట్ కేస్. "పదిసార్లు పోస్తే పదిసార్లూ ఒకటే చూపించింది, మంచి మిషన్" అంటారు కొందరు. అది నిలకడ, కచ్చితత్వం కాదు. బగ్ కూడా ప్రతిసారీ ఒకే తప్పు జవాబిస్తుంది కదా!

ఇంకో వాదన ఉంది. "మిషన్ ఒకసారి ఎక్కువ చూపిస్తే ఇంకోసారి తక్కువ చూపిస్తుంది, సగటున సరిపోతుంది." వినడానికి బాగానే ఉంటుంది. కానీ వడ్లలో నిజంగా 16.5 శాతం ఉందనుకోండి. మిషన్ 17.5 చూపిస్తే తరుగు తీస్తారు. 15.5 చూపిస్తే? ఎక్కువ డబ్బులేం ఇవ్వరు. తప్పు రెండు వైపులా సమానమే, నష్టం మాత్రం ఒకవైపే. శుభ్రంగా ఆరబెట్టి తెచ్చిన రైతుకి ఏ మోసం లేని మిషన్‌తో కూడా అప్పుడప్పుడూ చేతికి రావాల్సింది పోతుంది. కొలిచేవాడు దుర్మార్గుడు కానక్కర్లేదు, గీత దగ్గర నిలబడితే చాలు. నా ఉద్దేశంలో అసలు సమస్య ఇదే. దీన్ని మనం దొంగతనం కోణంలోనే చూస్తూ వదిలేస్తున్నాం.

మిల్లర్ బాధ కూడా ఉంది లెండి. పచ్చి వడ్లు నిలవుంటే వేడెక్కి రంగు మారతాయి. ఆయనకీ సరైన అంకె కావాలి.

కొలతకి బయట ప్రమాణం అక్కర్లేని పని కూడా ఉంది. నంద్యాల నుంచి సుమారు 40 కిలోమీటర్లు కడప రోడ్డు మీద వెళ్తే ఆళ్లగడ్డ వస్తుంది. అక్కడి శిల్పుల సంగతి మీకు తెలిసే ఉంటుంది. శిల్పశాస్త్రంలో తాళమానం అని ఉంటుంది. నవతాళమంటే విగ్రహం ఎత్తు మొత్తం 108 అంగుళాలు, అందులో ముఖం 12. ఈ అంగుళం మన స్కేలు మీద ఉండేది కాదు, ఆ విగ్రహం ఎత్తులో 108వ వంతు. అడుగు విగ్రహమైనా ఆరడుగుల విగ్రహమైనా లెక్క ఒకటే. రాయి తనలో తానే పోల్చుకుంటుంది కాబట్టి ఢిల్లీ నుంచి సర్టిఫికెట్ అక్కర్లేదు. కానీ అదే విగ్రహాన్ని అడుగుకి ఇంత అని బేరమాడిన క్షణం టేపు కావాలి, ఆ టేపు ఇద్దరికీ ఒకటే అయ్యుండాలి. ఇద్దరు మనుషుల మధ్య డబ్బు చేతులు మారే చోట, ఇద్దరిలో ఎవరిదీ కాని మూడో కొలత తప్పనిసరి.

బరువుకి ఆ మూడో కొలత మన దగ్గర ఎప్పట్నుంచో ఉంది. కాటా మీద తూనికలు కొలతల శాఖ సీలు ఉండాలి. 2011 రూల్స్ ప్రకారం ఎలక్ట్రానిక్ కాటాకి ఏడాదికోసారి, తూకపు రాళ్లకి రెండేళ్లకోసారి తనిఖీ. ఇన్‌స్పెక్టర్ దగ్గరున్న రాళ్లని పై స్థాయి రాళ్లతో, వాటిని ఇంకా పైవాటితో పోలుస్తూ పోతే ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ దాకా గొలుసు వెళ్తుంది. అక్కడ 57వ నంబరు కిలో నమూనా ఉంది. 2019లో కిలో నిర్వచనాన్నే ప్లాంక్ స్థిరాంకానికి మార్చారు, ఎందుకంటే పారిస్ దగ్గరున్న అసలు కిలోకీ దాని నకళ్లకీ మధ్య వందేళ్లలో ఓ 50 మైక్రోగ్రాముల తేడా వచ్చింది. ఆ మాత్రానికి ప్రపంచమంతా కూర్చుని మాట్లాడుకుంది. ఇక్కడ బస్తాకి 900 గ్రాములు పోతుంటే "మిషన్ అంతే చూపిస్తోంది అన్నా" అని తేల్చేస్తున్నాం.

2025లో కేంద్రం తేమ మీటర్లని కూడా ప్రభుత్వ ఆమోదం పొందిన పరీక్షా కేంద్రాలు తనిఖీ చేసే జాబితాలో చేర్చింది. మంచిదే. కాగితం కల్లం దాకా రావాలంటే చేయాల్సింది పెద్ద పనేం కాదు. ప్రతి కొనుగోలు కేంద్రంలో తేమ తెలిసిన శాంపిల్ డబ్బా సీలేసి ఉంచాలి. పొద్దున్నే అందరి ముందూ మిషన్‌లో పోసి తేడాని బోర్డు మీద రాయాలి. 17కి అటూ ఇటూ మిషన్ తేడా పరిధిలో వచ్చిన అంకెకి తరుగు తీయకూడదు. కాదంటే శాంపిల్ ఓవెన్‌కి వెళ్లాలి. నంద్యాలలో వందేళ్లు దాటిన వ్యవసాయ పరిశోధనా స్థానం ఉంది, ఓవెన్ కోసం ఎక్కడికో పోనక్కర్లేదు.

మనం రాసే డాష్‌బోర్డుల సంగతీ అంతే. అంకె పక్కన "ఇంత అటూ ఇటూ" అని రాయడానికి మనకి చాలా మొహమాటం, క్లయింటు నమ్మడేమోనని. ఎంత తప్పుండొచ్చో చెప్పే అంకెనే నమ్మాలి, చెప్పనిదాన్ని కాదు. ఈసారి ఊరికెళ్లినప్పుడు మీ నాన్ననో మామనో అడిగి చూడండి, వడ్లు కొన్న మిషన్‌ని ఎవరైనా ఎప్పుడైనా పరీక్షించగా చూశారేమో. ఏమన్నారో నాకూ చెప్పండి.