గంటకా, గుత్తకా? ముందు ఆగిన గంట ఎవరిదో తేల్చుకుందాం

దుబాయ్‌లో ఉన్నా, సింగపూర్‌లో ఉన్నా, మాలాగే యాంగోన్‌లో ఉన్నా, ఊరు వదిలి సాఫ్ట్‌వేర్ పనులు చేసుకుని బతికేవాళ్ళందరి కోసం రాస్తున్నాం. కాస్త పొడుగైంది, తీరిగ్గా చదవండి.

ఈ మధ్య తమ్ముళ్ళు చాలామంది మమ్మల్ని ఒకే ప్రశ్న అడుగుతున్నారు. "అన్నా, పార్టీ మొత్తం పనికి ఒకటే రేటు చెప్పమంటున్నాడు. ఒప్పుకోమంటారా, గంటకింత అని అడగమంటారా?" మా రూములో నలుగురం ఉన్నాం. దీని మీద రాత్రిళ్ళు చాలాసార్లు వాదించుకున్నాం. చివరికి నలుగురం ఒప్పుకున్న మాట ఇది: గంటా మంచిదే, గుత్తా మంచిదే. పని ఆగిపోయినప్పుడు, పని పెరిగిపోయినప్పుడు ఆ గంటలు ఎవరి ఖాతాలో పడతాయి? ముందు తేలాల్సింది అది. తేలకపోతే ఏ పద్ధతిలో అయినా మునిగేది మనమే.

గుత్త మనకు కొత్త కాదు. ఊళ్ళో నాట్లు రోజుకూలికీ వేస్తారు, ఎకరాకింత అని గుత్తకీ వేస్తారు. గుత్త అయితే తెల్లారకముందే చేలో దిగి, చకచకా ముగించి, ఇంకో చేనుకి పోతారు. రైతుకీ నిశ్చింత, కూలీకీ నాలుగు రూపాయలు ఎక్కువ. ఎందుకు కుదురుతుంది? చేను కళ్ళ ముందే ఉంటుంది. ఎకరం పొద్దున ఎకరమే, సాయంత్రమూ ఎకరమే.

సాఫ్ట్‌వేర్ అలా కాదు. నాటుతూ ఉంటే చేను పెరుగుతుంది!

మా అనుభవం ఒకటి చెప్తాం. ఇక్కడ ఒక వ్యాపారికి సరుకు లెక్కలు, బిల్లుల ప్రోగ్రాం గుత్తకు చేశాం. పని మొదలయ్యాక ఆయన పాత కంప్యూటర్లోని ఖాతాదారుల పేర్లు ఇచ్చాడు. అవన్నీ జాజీ ఫాంటులో ఉన్నాయి. మయన్మార్ 2019 అక్టోబర్ 1న అధికారికంగా యూనికోడ్‌కి మారింది. చూపుకి రెండింటి అక్షరాలూ ఒకటే, లోపల కోడ్ వేరు. పేర్లన్నీ మార్చాలి, మార్చాక ఒక్కొక్కటీ సరిచూసుకోవాలి. "అది కూడా ఈ పనిలోదే కదా" అన్నాడాయన. అరవై గంటల పని నూట పదికి వెళ్ళింది. 600 డాలర్ల పనికి అరవై గంటలైతే గంటకు 10 డాలర్లు. నూట పది గంటలైతే అయిదున్నర కూడా రాదు. రేటు ఎవరూ తగ్గించలేదు. చేను పెరిగింది, అంతే.

ఈ దేశంలో గుత్త చాట్లలో కడితే ఇంకో దెబ్బ ఉంది. 2021 మొదట్లో డాలరు సుమారు 1,330 చాట్లు. 2022 ఆగస్టులో సర్కారు రేటే 2,100 అయింది. 2024లో బయట బజార్లో నాలుగు వేలు దాటింది. 26,60,000 చాట్లంటే మొదటి లెక్కలో 2,000 డాలర్లు. 2,100 లెక్కలో 1,266. నాలుగు వేల లెక్కలో 665. పని నెలల తరబడి సాగి, డబ్బు చివర్లో వస్తే, చెమట అంతే ఉంటుంది, ఇంటికి పంపేది మాత్రం కరిగిపోతుంది. దీనికి తోడు కరెంటు కోతలు, నెట్ కష్టాలు. గుత్తలో ఇవన్నీ చేసేవాడి నెత్తి మీదే.

"అయితే గంటకే అడుగుదాం" అంటారా? ఆగండి. గంట లెక్కలోనూ తిరకాసులున్నాయి.

మొదటిది, పనిమంతుడికి నష్టం. పదేళ్ళ అనుభవం ఉన్నవాడు ఇరవై గంటల్లో చేసేది కొత్తవాడు అరవై గంటల్లో చేస్తాడు. ఇద్దరికీ ఒకటే రేటు అయితే నేర్చుకున్నందుకు మనకే జరిమానా. రెండోది, నిఘా. అప్‌వర్క్ గంటల పనిలో పది నిమిషాలకొక స్క్రీన్‌షాట్ తీస్తుంది. కాగితం మీద ఆలోచించిన గంట అందులో కనపడదు. మూడోది, పెద్దది: పని లేని గంట. అమెరికా వెళ్ళిన మనవాళ్ళకి "బెంచి" అంటే ఏంటో చెప్పక్కర్లేదు. గంటకిన్ని డాలర్లని తీసుకెళ్ళి, ప్రాజెక్టు లేనన్నాళ్ళూ జీతం ఎగ్గొట్టిన కన్సల్టెన్సీల కథలు ప్రతి ఊళ్ళో ఉన్నాయి. హెచ్1బీ మీద ఉన్నవాళ్ళకి పని లేకపోయినా జీతం ఇచ్చి తీరాలని అక్కడ 1998లో చట్టమే చేయాల్సి వచ్చింది. గంట రేటు ఎంత పెద్దదైనా, గంటే లేకపోతే ఏం లాభం?

పేరుకి ఒకటి, లెక్కకి ఇంకొకటి అయ్యే పద్ధతులూ ఉన్నాయి. ఊళ్ళో ఉపాధి హామీ పని గుర్తుందా? 2024-25లో ఆంధ్రాలో, తెలంగాణలో రోజుకు 300 రూపాయలని ప్రకటించారు. కానీ చేతికొచ్చేది తవ్విన మట్టి కొలతని బట్టి. నేల గట్టిగా ఉంటే, నీళ్ళు పోయకపోతే, 300 పడేది కాదు. పేరు రోజుకూలి, లోపల గుత్త. అందుకే కాగితం మీద పేరు చూసి మురిసిపోవద్దంటున్నాం.

ఇక్కడ మా రూము నుంచి స్ట్రాండ్ రోడ్డు దాటితే నది, ఓడల రేవు. ఆ రేవులో మన తాతలు మూటలు మోశారు. కోరంగి ఓడరేవు పేరు మీద వాళ్ళని కోరంగీలు అన్నారు. రంగం వెళ్తే డబ్బే డబ్బు అని వచ్చినవాళ్ళే. వాళ్ళకి పని ఇచ్చేది మేస్త్రీ. పైన కంపెనీతో మేస్త్రీ లెక్క వేరు, కింద కూలీతో లెక్క వేరు, మధ్యలో మిగిలింది మేస్త్రీది. 1930 మేలో మన రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. వాళ్ళ బదులు బర్మా కూలీలని పెట్టారు. రాజీ కుదిరాక మనవాళ్ళని మళ్ళీ పిలిచి, వాళ్ళని పొమ్మన్నారు. మే 26న కొట్లాట మొదలై ఊరంతా పాకింది, వందమందికి పైగా చనిపోయారు. ఇద్దరూ కూలీలే. రేటు మాట్లాడినవాళ్ళెవరూ వీధిలో చావలేదు.

ఇది ఎందుకు చెప్తున్నామంటే, ఇప్పుడు మనలో కొందరం మేస్త్రీలం అవుతున్నాం. పని మనం తీసుకుని, కాకినాడలోనో శ్రీకాకుళంలోనో ఉన్న కుర్రాడికి సగం పంచుతున్నాం. పైన గంటల లెక్కన తీసుకుని, కింద ఆ కుర్రాడికి గుత్తకి ఇచ్చి, పెరిగిన పనంతా వాడి నెత్తిన వేయడం తెలివి అనిపించుకోదు. ఏ షరతు మనం పైన అడుగుతామో, అదే కింద ఇవ్వాలి.

మరి ఏం చేద్దాం? మేము పాటిస్తున్నవి రాస్తున్నాం.

1. పని సరిగ్గా తెలియకపోతే మొదటి వారం గంటల లెక్కన. ఆ వారం పని ఏంటో కనుక్కోవడానికే. పాత డేటా చూడకుండా గుత్త మాట ఎత్తొద్దు.

2. కళ్ళకు కనపడే చిన్న ముక్కకే గుత్త. ఒక బిల్లు ఫారం, ఒక రిపోర్టు. రెండు వారాలు దాటే పని ఒకే గుత్తలో పెట్టొద్దు. ప్రతి ముక్కకీ అడ్వాన్సు, ముక్క అవగానే డబ్బు.

3. మిగతాదంతా గంటల లెక్కన, కానీ పైహద్దు పెట్టి. "నలభై గంటలు దాటేముందు అడుగుతాం" అంటే పార్టీకీ ధైర్యం. వారం వారం చేసిన పని చూపించాలి.

4. రాతలో ఒక వాక్యం తప్పకుండా: "మీ జవాబు కోసం, మీ డేటా కోసం ఆగిన సమయం ఇంత దాటితే మీ లెక్క." మన కరెంటు పోతే మన లెక్క, వాళ్ళు ఆలస్యం చేస్తే వాళ్ళ లెక్క. న్యాయమే కదా.

5. రేటు డాలర్లలో అనుకుని, చెల్లించే రోజు రేటు ప్రకారం చాట్లలో తీసుకోవాలి.

పార్టీలు దీనికి ఒప్పుకుంటారా అని అడుగుతారు. అందరూ ఒప్పుకోరు. కానీ వాళ్ళకీ ఇందులో లాభం ఉందని చెప్పండి. గుత్తలో నష్టపోతున్నవాడు చివరి పదిరోజులు ఎలా పనిచేస్తాడో వాళ్ళకీ తెలుసు. పరీక్షించడు, రాసిపెట్టడు, ఎలాగోలా అప్పజెప్పి పోతాడు. ఆ తప్పులు దిద్దించుకోవడానికి పార్టీ ఇంకొకడికి మళ్ళీ కట్టాలి. అమెరికా ప్రభుత్వంలో 18ఎఫ్ అనే సాఫ్ట్‌వేర్ బృందం ఉండేది, 2025 మార్చిలో మూసేశారు. సాఫ్ట్‌వేర్ చేయించుకునే సర్కారు ఆఫీసులకి వాళ్ళు ఇచ్చిన సలహా కూడా ఇదే: మొత్తానికి ఒకే రేటు కట్టకండి, పైహద్దు పెట్టి గంటల లెక్కన చేయించుకోండి, పని చూస్తూ ఉండండి.

కడుపు కాలుతున్నప్పుడు బేరం ఆడటం కష్టమే, అది మాకూ తెలుసు. ఐదూ అడగలేకపోతే నాలుగోది ఒక్కటైనా అడగండి. రేటు పది తగ్గినా తట్టుకోవచ్చు. ఊరికే ఆగిన గంట మాత్రం పిల్లల ఫీజులోంచి పోతుంది.