ఆకాశమార్గమును, సోమందేపల్లెయు

గోడకు వ్రేలాడు పటమునందు అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో మనకుఁ దూర్పుననో, పడమటనో ఉన్నట్లు తోఁచును. కాని గోళము నెదుటఁ బెట్టుకొని బెంగుళూరునుండి ఆ పట్టణమునకు దారము బిగియ లాగి చూచినచో, ఆ దారము ఉత్తరధ్రువ ప్రాంతముగుండఁ బోవును. దాని పొడవు సుమారు 14,000 కిలోమీటర్లు.

2021 జనవరి 9వ తేదీ రాత్రి శాన్‌ఫ్రాన్సిస్కోనుండి బయలుదేరిన ఎయిర్ ఇండియా విమానము, జోయా అగర్వాల్‌గారి సారథ్యమున, నలువురు మహిళా చోదకులతో, ధ్రువముమీఁదుగా వచ్చి, నడుమ నెచ్చటను దిగక 11వ తేదీ తెల్లవాఱుజామున బెంగుళూరు చేరెను. తేదీలు రెండు మాఱినను ప్రయాణము సుమారు 17 గంటలే. రెండు పట్టణముల గడియారములకు నాఁడు 13½ గంటల భేద ముండుటయే యిందులకుఁ గారణము. 1948 జూన్ 8న బొంబాయినుండి లండనుకు సాగిన మన తొలి విదేశ విమానము, ఇందులో ఇంచుమించు సగము దూరమునకే కైరో, జినీవాలలో దిగుచు, ఒక దినమునకుఁ బైగాఁ దీసికొనెను. ఈ పురోభివృద్ధి కెవరు సంతసింపరు?

దీనితో సోమందేపల్లె కేమి పని యని కొంద ఱడుగవచ్చును. బెంగుళూరు విమానాశ్రయము దేవనహళ్లియొద్ద నున్నది. సోమందేపల్లెనుండి అదే రాజమార్గమున సుమారు నూఱు కిలోమీటర్లు. ఏఁటికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కెదురుచూచు ఈ సీమనుండి యువకులు బెంగుళూరునకుఁ బోవుచున్నారు. చదువుకొన్నవారు కొందఱు సముద్రములు దాఁటుచున్నారు. తండ్రికి జబ్బు చేసినదని కబురందిన కొడుకునకు 17 గంటలు లెక్క కాదు. పరదేశపు విమానాశ్రయములలో విమానము మాఱుటకై కూర్చుండవలసిన గంటలే వానికి యుగములు.

ఆ గంటలు భూగోళమువలన మాత్రమే కలుగునవి గావు. 2025 ఏప్రిల్ 24న పాకిస్తాను మన విమానములకుఁ దన గగనతలమును మూసివేయఁగా, ఢిల్లీనుండి పడమటికిఁ బోవు పెక్కు విమానములు చుట్టుదారి పట్టవలసివచ్చెను. కొన్ని ఇంధనమునకై నడుమ దిగెను. భూమి పెరుగలేదు, దారి పెరిగినది. అందుచే విమానయానపు దూరమును రాజనీతియు నిర్ణయించు ననుట స్పష్టము.

కావున ప్రభుత్వమువారు ఇతర రాజ్యములతో గగనయాన హక్కులను మాటలాడునపుడు, నేరుగాఁ బోవు మార్గములను ధనికుల విలాసముగాఁ దలంపఁగూడదు. ఒక మార్గమును నిలుపునపుడు విమాన సంస్థలు ప్రజలకుఁ జాలినంత ముందుగాఁ దెలుపవలెను. టిక్కెట్టుపై గాలిలో గడచు గంటలనే గాక, నడుమ నిరీక్షింపవలసిన గంటలనుగూడఁ గలిపి పెద్ద యక్షరములతోఁ జూపవలెను.

ఇంకొక మాట. పోవువారు ఇష్టముచేఁ బోవుట వేఱు, ఎండిన చేనిని జూచి పోవుట వేఱు. ధ్రువమును దాఁటు మార్గమును గనుగొనిన దేశము, ఈ పీఠభూమి చెఱువులకు నీరు వచ్చు మార్గమునుగూడఁ బూర్తి చేయవలెనని మా కోరిక.